గాలివాటం, గట్టు, సాహసం

తెలుగులో ఒక మనిషిని తేలిగ్గా తీసిపారేయాలంటే "వాడిదంతా గాలివాటం" అంటే చాలు. స్థిరమైన అభిప్రాయం లేనివాడనీ, ఏ పక్షం గెలిస్తే ఆ పక్షం కండువా కప్పుకునేవాడనీ అర్థం. ఆపదలోంచి బయటపడ్డవాణ్ణి "గట్టెక్కాడు" అంటాం. ప్రమాదమని తెలిసీ దూకినవాణ్ణి "సాహసి" అని సన్మానిస్తాం. మొదటి రెండు మాటలూ గాలికీ నీటికీ సంబంధించినవి. మూడోది, నీటి మీదికి పోయి తిరిగొచ్చిన ప్రతివాడికీ మనం ధారాళంగా పంచిపెట్టే బిరుదు. తెరచాప పడవ నడపడం ఓ మోస్తరుగా నేర్చుకున్న తరవాత ఈ మూడు మాటల మీదా నాకు గౌరవం పోయింది. అది నా సొంత బాధే అయితే ఇంత దూరం రాయనక్కర్లేదు. కాని ఆ మాటలను నమ్ముకుని పడవ నడపడం వల్ల నా మిత్రుడొకరికి భుజం దగ్గర ఎముక విరిగింది. అందుకే ఈ అభియోగం.

ముందుగా "ఓ మోస్తరు" అన్న మాటకు వివరణ ఇవ్వాలి. సంగీతంలో సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు అయ్యాక వర్ణం వస్తుంది. గొంతు గొంతుగా తయారయ్యేది అక్కడే. తాళం తప్పకుండా కాలం మార్చడం అక్కడే అలవాటవుతుంది. అయినా వర్ణం దశలో ఉన్న పిల్లను ఎవరూ పొగడరు. అరంగేట్రం ఎప్పుడని అడుగుతారు, అంతే. తెరచాప విద్యకూ అలాంటి మధ్య దశ ఒకటుంది. పడవ భాగాల పేర్లు, నాలుగైదు ముళ్ళు, పలచని గాలిలో పడవను అటూ ఇటూ తిప్పడం మొదటి మెట్టు. కొన్ని వారాంతాల్లో వచ్చేస్తుంది. మహాసముద్రాలు దాటడం చివరి మెట్టు. అది పత్రికల్లోకి ఎక్కుతుంది. ఈ రెంటికీ నడుమ, గాలి పెరుగుతున్నప్పుడు చాపను ఏం చెయ్యాలి, అల లేచినప్పుడు పడవను ఏ కోణంలో నిలపాలి, ఏ రోజున అసలు బయల్దేరకూడదు అనే పాఠాలున్నాయి. ఈ పాఠాలకు ఫొటోలుండవు. అందుకే నేర్చుకునేవాళ్ళు దాన్ని దాటేద్దామనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

నేను నేర్చుకున్నది శాన్ ఫ్రాన్సిస్కో అఖాతంలో. వేసవిలో అక్కడి గాలికి ఒక దినచర్య ఉంది. పొద్దున నీళ్ళు అద్దంలా ఉంటాయి. మధ్యాహ్నానికి కాలిఫోర్నియా లోపలి మైదానం వేడెక్కి, అక్కడి గాలి పైకి లేస్తుంది. ఆ వెలితిని నింపడానికి పసిఫిక్ మీది చల్లగాలి కొండల మధ్యనున్న గోల్డెన్ గేట్ అనే ఇరుకు సందులోంచి తోసుకొస్తుంది. మూడు గంటలకల్లా 20, 25 నాట్‌ల గాలి మామూలు విషయం. (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు.) పోటు తగ్గి నీళ్ళు సముద్రంలోకి వెనక్కి పోతున్న వేళ గాలి ఎదురైతే అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాన్నొకటి తరుముకుంటూ లేస్తాయి. ఇదంతా పాఠంలో చెప్పారు. నేను నోట్సు కూడా రాసుకున్నాను.

ఒక శనివారం 27 అడుగుల పడవ అద్దెకు తీసుకుని ముగ్గురం బెర్క్లీ నుంచి బయల్దేరాం. నేను చుక్కాని దగ్గర. నాతోపాటు నేర్చుకుంటున్న ఒకాయన తాళ్ళ దగ్గర. మూడోవాడు హైదరాబాదు నుంచి పనిమీద వచ్చిన నా చిన్ననాటి మిత్రుడు. ఏంజెల్ ఐలండ్ దాకా గాలికి ఎదురెక్కాం. ఒళ్ళు తడిసింది, చేతులు నొప్పెట్టాయి, పడవ ఒక పక్కకు ఒరిగిపోయింది. చాప కుదించాలని నాకు అప్పుడే తోచింది. పక్కన పోతున్న పడవ నిండు చాపతో వెళ్ళడం చూసి ఊరుకున్నాను. మూడు గంటలకు వెనక్కి తిరిగాం. తిరగ్గానే అద్భుతం! గాలి తగ్గిపోయింది. పడవ నిటారుగా నిలబడింది, నీటి జల్లు ఆగిపోయింది, ఎండ వెచ్చగా తగిలింది. "హమ్మయ్య, ఇక గాలివాటమే" అన్నాను. అచ్చంగా ఆ మాటే అన్నాను.

గాలి తగ్గలేదు. 22 నాట్‌ల గాలితోపాటు అదే దిక్కున మేమూ 7 నాట్‌ల వేగంతో పోతున్నాం కనక మా ముఖాలకు తగిలింది 15 మాత్రమే. మిత్రుడు వెనకనున్న గోల్డెన్ గేట్ వంతెనను ఫొటో తీద్దామని సీటు మీదికెక్కి నిలబడ్డాడు. ఒక అల పడవ వెనక భాగాన్ని పక్కకు నెట్టింది. గాలి చాపకు అవతలి అంచు నుంచి దూరింది. చాప అడుగున ఉండే బూమ్ అనే దూలం పడవ ఆ చివర నుంచి ఈ చివరకు ఒక్క ఊపులో వచ్చి అతని భుజాన్ని కొట్టింది. చాప దించడానికి పడవను గాలికి ఎదురు తిప్పగానే అసలు గాలి ముఖాన పడింది. అది దాదాపు 27. వేగం రెట్టింపైతే చాప మీద బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. ఆ లెక్కన నేను నా సుఖాసనంలో అంచనా వేసిన బలం కన్నా అసలు బలం మూడింతలకు పైనే. అరగంట పెనుగులాడి చాప దించాం.

ఆ తరవాత రెండేళ్ళు ఈ కథను నేను విందుల్లో సాహసగాథగా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ అల ఒక అడుగు పెరిగేది. ఒకసారి ఆ మిత్రుడే ఎదురుగా ఉన్నాడు. అందరూ నవ్వి వెళ్ళాక అన్నాడు: "నీ కథలో తప్పంతా గాలిదేరా. కానీ ఆ రోజు చుక్కాని గాలి చేతిలో లేదు కదా."

ఈ వ్యాసమంతా ఆ మాటకు నేను ఆలస్యంగా చెబుతున్న జవాబు.

*

మొదటి ముద్దాయి: గాలివాటం.

గాలి ఎటు వీస్తే అటు పోవడానికి తెరచాప అక్కర్లేదు. ఎండుటాకు పోతుంది, ఖాళీ డబ్బా పోతుంది, తాడు తెగిన పడవ పోతుంది. తెరచాప ఉన్నది గాలి పొమ్మనని చోటికి పోవడం కోసం. గాలికి ముక్కుసూటిగా ఎదురు పోగల తెరచాప పడవ ప్రపంచంలో లేదు, నిజమే. కాని దానికి ఇటు దాదాపు 45 డిగ్రీలు, అటు 45 డిగ్రీలు వాలుగా పోవచ్చు. కాసేపు ఇటు, కాసేపు అటు మెలికలు తిరుగుతూ పోతే చివరికి గాలి పుట్టిన చోటికే చేరుకోవచ్చు. దీన్నే ట్యాకింగ్ అంటారు. వంపు తిరిగిన చాప గాలి ప్రవాహాన్ని మళ్ళిస్తుంది. నీటి అడుగున కీల్ అనే రెక్క పడవ పక్కకు జారిపోకుండా పట్టి ఉంచుతుంది. గాలి ఒకవైపు తోస్తుంటే, నీరు ఒకవైపు ఆపుతుంటే, ఈ తగువులోంచి పడవ తన ముందడుగును సంపాదించుకుంటుంది. గాలితో ఇంత తీవ్రంగా వాదించే వస్తువు పేరు మీద మనం వాదించలేనివాణ్ణి తిట్టడానికి మాట వాడుతున్నాం.

దీనికన్నా పెద్ద నేరం ఇంకొకటుంది. గాలివాటంగా పోవడం సులువని ఈ మాట మనచేత నమ్మిస్తుంది. నేర్చుకుంటున్న వాడికి అంతకన్నా ప్రమాదకరమైన నమ్మకం లేదు. ఎదురెక్కేటప్పుడు గాలి తన బలాన్ని దాచుకోదు. ఒళ్ళు తడుస్తుంది, పడవ ఒరుగుతుంది, బుద్ధి మేలుకునే ఉంటుంది. వెనక గాలి అలా కాదు. అది మెల్లగా మాట్లాడుతుంది. చాప ఎంత ఎక్కువైందో చెప్పదు. చుక్కాని పది డిగ్రీలు పక్కకు జరిగినా, అల ఒకటి వెనక నుంచి నెట్టినా బూమ్ అవతలి వైపుకు విరుచుకుపడుతుంది. అందుకే మధ్య దశలో నేర్పే పాఠాల్లో ముఖ్యమైనది వెనక గాలి పాఠం. బూమ్‌ను ముందుకు లాగి తాడుతో కట్టి ఉంచడం, చాపను వైపు మార్చేటప్పుడు ముందు తాడు లాగి బూమ్‌ను మధ్యకు తెచ్చి, గాలి దాటగానే మళ్ళీ నెమ్మదిగా వదలడం, అన్నిటికన్నా ముందు, వెనక్కి తిరగబోయే ముందే చాప కుదించడం. ఎదురెక్కేటప్పుడు ఎక్కువనిపించిన చాప, వెనక్కి తిరిగాక సరిపోయిందనిపిస్తే అది చాప మహిమ కాదు. మన చర్మం చెబుతున్న అబద్ధం.

రాజకీయాల్లో గాలివాటం మనుషుల సంగతి నాకు తెలియదు. పడవ మీద మాత్రం గాలివాటంగా పోతున్నవాడే అందరికన్నా మెలకువగా ఉండాలి.

*

రెండో ముద్దాయి: గట్టు.

మన కవిత్వంలో, మన సినిమా పాటల్లో, మన అమ్మమ్మల దీవెనల్లో ఒడ్డు అంటే రక్షణ. కష్టాలు కడలి, సుఖం తీరం. ఈ పోలికను చిన్నప్పటి నుంచీ విని పెరిగినవాడికి గాలి ముదరగానే మొదట కలిగే కోరిక ఒడ్డుకు పరిగెత్తుదామని. నావికశాస్త్రం ఆ కోరికను మొట్టమొదట చంపుతుంది. గాలి పడవను ఏ తీరం వైపు తోస్తోందో ఆ తీరమే పడవకు మృత్యువు. లోతు తగ్గేకొద్దీ అల నిటారై విరుగుతుంది. చాప పనిచెయ్యడం మానేస్తే వెనక్కి మళ్ళే దారి ఉండదు. నడిసముద్రంలో పడవను చంపాలంటే అల చాలా పెద్దదై ఉండాలి. ఒడ్డు దగ్గర మోకాటి లోతు నీళ్ళూ, ఒక బండరాయీ చాలు. అనుభవమున్నవాడు తుపాను గాలిలో ఒడ్డు నుంచి దూరంగా, లోపలికి పోతాడు. అతనికి కావలసింది గట్టు కాదు, చోటు.

ఇది పుస్తకాల సంగతే కాదు. 1979 ఆగస్టులో ఇంగ్లండు నుంచి ఐర్లండు దక్షిణాన ఉన్న ఫాస్ట్‌నెట్ బండ దాకా వెళ్ళి తిరిగొచ్చే పందెంలో 303 పడవలు బయల్దేరాయి. 13వ తేదీ రాత్రి వాళ్ళ మీద పెనుగాలి విరుచుకుపడింది. పందెంలో ఉన్న 15 మంది మరణించారు. పందెం పూర్తి చేసినవి 86 పడవలే. నావికులు మొత్తం 24 పడవలను వదిలేసి బయటపడ్డారు. వాటిలో మునిగినవి 5. మిగిలిన 19 పడవలు మనుషులు లేకుండా తేలుతూ దొరికాయి. వదిలిపెట్టిన వాళ్ళను తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఆ రాత్రి ఆ చీకట్లో నేనైతే ఏం చేసేవాడినో ఊహించగలను. కాని ఆ పందెం తరవాత నేర్పే ప్రతి పాఠంలోనూ ఒక నియమం చేరింది: పడవ కాళ్ళ కింద నుంచి దిగిపోతున్నప్పుడు మాత్రమే, అంటే పైకి అడుగు వేసి ఎక్కవలసినంతగా మునిగినప్పుడు మాత్రమే, రక్షణ తెప్పలోకి మారాలి. గట్టెక్కాలన్న తొందర పడవకన్నా ముందు మనిషిని ముంచుతుంది.

మరి గట్టు లేనప్పుడు ఏం చెయ్యాలి? ఆగాలి. నడిసముద్రంలో, లంగరు అందని లోతులో, బ్రేకులు లేని పడవను ఆపడం మధ్య దశలో నేర్పే విద్యల్లో నాకు అన్నిటికన్నా అందంగా తోచింది. ముందు చాపను వదలకుండానే పడవను గాలికి అడ్డంగా అవతలి వైపుకు తిప్పుతారు. ఆ చాపకు గాలి తప్పు వైపు నుంచి తగిలి పడవ ముక్కును వెనక్కి నెడుతూ ఉంటుంది. పెద్ద చాపను వదులు చేస్తారు. చుక్కానిని ముక్కు గాలి వైపు తిరిగేలా కట్టేస్తారు. చాప ఇటు, చుక్కాని అటు. ఇద్దరి మధ్యా రాజీ కుదిరి, గాలికి ఓ మూలగా నిలిచి, పడవ ఊపిరి పీల్చుకున్నట్టు నెమ్మదిగా పక్కకు జారుతూ ఉంటుంది. అది జారిన చోట నీటి మీద నున్నని జాడ ఒకటి ఏర్పడి, వచ్చే అలను కొంత మెత్తబరుస్తుంది. అదే గాలి, అదే అల. ఐనా టీ కాచుకోవచ్చు, గాయానికి కట్టు కట్టొచ్చు, తిండి తినొచ్చు. మొట్టమొదటిసారి ఇలా నిలిపినప్పుడు, ఆ శనివారం నాకిది చేతనై ఉంటే మిత్రుణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని అరగంట పెనుగులాడే అవసరం ఉండేది కాదు కదా అనిపించి చాలాసేపు మాట రాలేదు. ఈ పని గురించి చదివానే గాని ఒక్కసారీ చెయ్యలేదు. ఎందుకంటే ఇది ముందుకు తీసుకుపోదు. ముందుకు తీసుకుపోని విద్యను ఎవరు సాధన చేస్తారు?

గట్టు సంగతి మన తీరవాసులకు తెలియదని నేననను. తెలియనిది మన సాహిత్యభాషకు. బంగాళాఖాతపు ఒడ్డున కెరటాలు విరిగే చోటును దాటడమే తెప్పకు గండమని పల్లెకారులకు తెలుసు. కోరమాండల్ తీరపు పాతకాలం మసూలా పడవలను మేకులు లేకుండా పలకలను తాళ్ళతో కుట్టి చేసేవారు. ఎందుకు? విరిగే అలల్లో నేలకు కొట్టుకున్నా పగలకుండా ఒంగాలని. అంటే ఆ పడవ తయారీలోనే "గట్టు ప్రమాదం" అన్న జ్ఞానం ఉంది. ఆ జ్ఞానం మన పద్యానికీ కథకూ ఎక్కలేదు. ఒడ్డున కూర్చుని సముద్రాన్ని చూసేవాళ్ళే మనకు మాటలు సప్లై చేశారు.

*

మూడో ముద్దాయి: సాహసం. ఇతడు అసలు దోషి.

సంస్కృతంలో ఈ మాట పూర్వచరిత్ర అంత గొప్పది కాదు. మనుస్మృతి చెప్పే 18 వ్యవహార పదాలలో సాహసం ఒకటి. అంటే బలప్రయోగంతో చేసే నేరం. ముందూ వెనకా చూడకుండా చేసే పని అనే అర్థం కూడా దానికి ఉంది. నేరస్థుడు ఎప్పుడు మంచివాడయ్యాడో గాని, ఇప్పుడు అతనికి పూలదండలు వేస్తున్నాం. నా మటుకు పాత అర్థమే సరైనది. కుదించవలసిన చాపను కుదించకపోవడం ధర్మశాస్త్రార్థంలో సాహసమే.

గాలిని నావికులు ఎలా కొలిచేవారో చూడండి. 19వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో బ్రిటిష్ నౌకాధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ తయారు చేసిన కొలమానాన్ని ఈనాటికీ వాతావరణ సూచనల్లో వాడుతున్నారు. దాని మొదటి రూపంలో వేగం అంకెలు లేవు. పలచని గాలికి, ఓడ ఎంత వేగంగా పోతుందన్నది కొలత. గాలి ముదిరాక కొలత మారిపోతుంది: యుద్ధనౌక ఎంత చాపను మొయ్యగలదు, ఎన్ని మడతలు కుదించాలి? చివరి మెట్టు, ఏ చాపా తట్టుకోలేని గాలి. అంటే గాలి బలానికి కొలబద్ద, మనిషి ఎంత తగ్గాడన్నదే! ఎంత ధైర్యంగా నిలబడ్డాడన్నది కాదు. 1838 లో ఆ నౌకాదళం దీన్ని అధికారికంగా స్వీకరించింది. యుద్ధం వృత్తిగా గలవాళ్ళు తగ్గడాన్ని ప్రమాణంగా పెట్టుకుంటే, వారాంతాల్లో పడవ అద్దెకు తీసుకునే నాకు తగ్గడం నామోషీ అయింది.

తుపాను విషయమూ అంతే. "సైక్లోన్" అన్న మాటను 19వ శతాబ్దంలో కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ అనే మాజీ ఓడ కెప్టెన్ పుట్టించాడు. మన కోరంగి రేవును 1839 లో తుపాను ఉప్పెన ముంచెత్తిన కాలం వాడు. బంగాళాఖాతపు తుపానులను ఓడల దినచర్య పుస్తకాల నుంచి కూడబెట్టి, 1848 లో నావికుల కోసం పుస్తకం వేశాడు. ఆ విద్యలో ధైర్యం గురించిన అధ్యాయం లేదు. మన అర్ధగోళంలో గాలికి ఎదురుగా నిలబడితే తుపాను కేంద్రం కుడి చేతి వైపు ఉంటుంది. తుపాను నడిచే దారికి కుడి సగం ఎక్కువ ప్రమాదం. కనక ఎటు తొలగాలో లెక్క వేసుకో అని చెబుతుంది. తొలగడం! మన వీరగాథల్లో ఈ క్రియాపదానికి చోటెక్కడ?

2017 సెప్టెంబరు 10 న గోవా నుంచి తారిణి అనే తెరచాప నౌకలో ఆరుగురు నౌకాదళ మహిళాధికారులు బయల్దేరి భూమిని చుట్టి 2018 మే 21 న తిరిగొచ్చారు. వాళ్ళలో ఇద్దరు మనవాళ్ళు: విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి. వాళ్ళను కూడా మనం సాహసనారీమణులనే పొగిడాం. ఆ పొగడ్తలో వాళ్ళు చేసిన అసలు పని మాయమైంది. బయల్దేరడానికి ముందు ఏళ్ళ తరబడి మాదేయి అనే నౌకలో నేర్చుకున్నారు. 2016 లో గోవా నుంచి విశాఖ దాకా నడుపుకొచ్చారు. మారిషస్ వెళ్ళొచ్చారు. ఇదంతా నేను చెబుతున్న వర్ణం దశ. తిరుగు ప్రయాణంలో చుక్కాని యంత్రం చెడిపోతే, ఇంటి దగ్గరికొచ్చేశాం కదా అని తెగించలేదు. మారిషస్‌లో ఆగి బాగుచేయించుకుని మరీ వచ్చారు. ఆ ఆగడమే నాకు వాళ్ళ ఘనతగా కనిపిస్తుంది. అదే ఏడాది సెప్టెంబరులో గోల్డెన్ గ్లోబ్ పందెంలో అభిలాష్ టామీ పడవ దక్షిణ హిందూ మహాసముద్రపు తుపానులో కొయ్యలు విరిగి, అతని వెన్ను దెబ్బతింటే ఫ్రెంచి నౌక ఒకటి కాపాడింది. 2023 ఏప్రిల్‌లో అదే పందెం మరుసటి ఆవృత్తిని అతను రెండో స్థానంలో ముగించాడు. ఎంత తెలిసినవాడికైనా సముద్రం బాకీ ఉండదని మొదటి సంఘటన చెబుతుంది. సిద్ధపడటం వ్యర్థం కాదని రెండోది చెబుతుంది. రెంటిలోనూ సాహసం అన్న మాట వివరించగలిగింది ఏదీ లేదు.

ఇక బ్రతుకుతెరువు కోసం సముద్రం మీదికి పోయేవాళ్ళు. 1996 నవంబరు 6 న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపానులో వందలాది మత్స్యకారులు తిరిగి రాలేదు. వాళ్ళను సాహసులంటే అది శ్రద్ధాంజలి కాదు. వాళ్ళకు అందవలసిన హెచ్చరిక, అందవలసిన రక్షణ ఎందుకు అందలేదన్న ప్రశ్నను పూలదండ కింద దాచడం.

*

రెండు ఆక్షేపణలకు ముందే జవాబు చెప్పుకోవాలి.

మొదటిది: "కవిత్వం నౌకాశాస్త్రం కాదు కదా, రూపకానికి ఇంత రాద్ధాంతమా?" కాదు, నిజమే. కాని రూపకం అందంగా ఉంటే చాలు, నిజం కానక్కర్లేదనేవాళ్ళు ఆ రూపకాన్ని అవసరమైనప్పుడు ఎవడో ఒకడు సలహాగా తీసుకుంటాడని మరిచిపోతారు. నేను తీసుకున్నాను. "గాలివాటమే" అనగానే నా చెయ్యి చుక్కాని మీద సడలింది. పైగా, నిజం తెలిసిన రూపకం మరింత అందంగా ఉంటుంది. ఎదురుగాలిని చీల్చుకుపోయే వీరుడికన్నా, 45 డిగ్రీల వాలులో ఓపికగా మెలికలు తిరుగుతూ పోయే మనిషి కవితకు తక్కువ వస్తువా?

రెండోది: "ఇంజనుంది, జీపీఎస్ ఉంది, ఫోన్లో వాతావరణ సూచన ఉంది. ఈ పాత విద్య ఎందుకు?" ఆయిల్ ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి, సముద్రం ప్రశాంతంగా ఉన్నంత కాలం అడుగునే ఉంటుంది. పడవ బాగా ఊగినప్పుడు పైకి లేచి ఫిల్టరును మూసేస్తుంది. అంటే ఇంజను ఆగిపోయేది సరిగ్గా అది కావలసి వచ్చిన రోజునే. ఇక జీపీఎస్ మనం ఎక్కడున్నామో చెబుతుంది. చాప ఎంత ఉండాలో చెప్పదు. సూచన రేపటి గాలి చెబుతుంది. ఆ గాలికి నా చేతులు సిద్ధంగా ఉన్నాయో లేదో చెప్పదు.

చేతులు సిద్ధం కావడమంటే ఏమిటో చెప్పి ముగిస్తాను. రీఫింగ్, అంటే చాప కుదించడం, రాసుకుంటే అయిదారు పనులు. చాపను బిగించే తాడు వదలాలి. బూమ్ కింద పడకుండా పై తాడు బిగించాలి. చాపను పైకెత్తే తాడు కొంత దింపాలి. ముందు మూలను కొక్కేనికి తగిలించాలి. పైతాడు మళ్ళీ బిగించాలి. వెనక మూలను లాగి కట్టాలి. రేవులో కట్టి ఉన్న పడవ మీద రెండు మూడు నిముషాల పని. ఎగిరిపడే పడవ మీద, చీకట్లో, కడుపులో తిప్పుతుండగా, ఒక చేత్తో పడవను పట్టుకుని ఒక్క చేత్తో చేయవలసి వస్తే, వరస వేళ్ళకు తెలియాలి గాని బుర్రకు తెలిస్తే చాలదు. అందుకు రేవులోనే యాభైసార్లు చెయ్యాలి. గాలి పెరిగేకొద్దీ చాప పొట్టను చదును చెయ్యడం, పై అంచును వదులు చేసి గాలిని జారనివ్వడం, ముందు చాపను చిన్నది చెయ్యడం కూడా అంతే. హుస్సేన్ సాగర్‌లో పిల్లలు పందేలు ఆడే ఐఎల్‌సీఏ పడవ (2019 దాకా దీన్ని లేజర్ అనేవారు) ఒకటే గాని దానికి మూడు రకాల చాపలుంటాయి: సుమారు 4.7, 5.7, 7 చదరపు మీటర్లు. నడిపేవాడి బరువును బట్టి చాప. చిన్న చాప కట్టుకున్న పిల్లను అక్కడ ఎవరూ పిరికిదనరు. ఆ పాటి ఇంగితం పెద్దవాళ్ళ పడవల్లోకి వచ్చేసరికి ఎక్కడో జారిపోతుంది.

కుదించాలా వద్దా అన్న ఆలోచన మొదటిసారి వచ్చిన క్షణమే కుదించవలసిన క్షణమని నావికులు అనుకుంటారు. నాకు ఏంజెల్ ఐలండ్ దగ్గర ఆ ఆలోచన వచ్చింది. పక్క పడవ చూస్తోందని ఊరుకున్నాను. నేరం అక్కడ జరిగింది. ఆ తరవాతిదంతా గాలి తన పని తాను చేసుకుపోవడమే.

పోయిన వేసవిలో ఆ మిత్రుడు మళ్ళీ వచ్చాడు. పడవ ఎక్కుతాడని నేననుకోలేదు. ఎక్కాడు. రేవులో తాళ్ళు విప్పకముందే "చాప ఎంత?" అని అడిగాడు. ఒక మడత కుదించి కట్టాం. నిండు చాపలతో మమ్మల్ని దాటిపోయిన పడవల్లోంచి ఒకాయన చెయ్యి ఊపి నవ్వాడు. ఆ మధ్యాహ్నం గాలి అనుకున్నంత రాలేదు. మేం నిదానంగా ఏంజెల్ ఐలండ్ దాకా వెళ్ళి, తెచ్చుకున్న పులిహోర తిని, నిదానంగా తిరిగొచ్చాం. ఎవరికీ చెప్పుకోవడానికి కథ ఏమీ మిగల్లేదు.